మరమ్మతులకు సున్నా

...అయినా పన్నెండేళ్లలో ఒక్క కుళాయి కూడా కారని ఇల్లుంటుందా, అనుకుంది కండక్టరమ్మ, బ్రోకరు ఇచ్చిన కాగితం మడత మూడోసారి విప్పుతూ. ముప్పై ఒక్కేళ్లు బస్సులో నిలబడి, కాళ్లలో నరాలు తాళ్లలా ఉబ్బాక చేతికొచ్చిన రిటైర్మెంటు డబ్బు. దాన్ని ఈ ఆరు గదుల ఇంట్లో పెట్టాలా వద్దా అన్నది ఈ పూటే తేలిపోవాలి. సాయంత్రం ఇంకో బేరగాడు వస్తాడట. బ్రోకర్ల లోకంలో ఆ ఇంకో బేరగాడు ఎప్పుడూ సాయంత్రమే వస్తాడు.

కాగితం మీద అంతా నున్నగా ఉంది. అయిదు గదులు, ఒక్కోదానికి అద్దె ఆరు వేలు. మెట్ల కింద గది నాలుగు వేలు. మొత్తం ముప్పై నాలుగు. మిగతా ధరకు తీసే బ్యాంకు అప్పు వాయిదా ఇరవై ఆరున్నర, పన్నూ నీళ్లూ కలిపి మూడు. పోగా నెలకు నాలుగున్నర వేలు మిగులు. మరమ్మతులు అన్నచోట సున్నా.

“ఈ సున్నా ఏమిటయ్యా?”

“ఉన్నదే రాశానమ్మా. పాత ఓనరు ఈ ఇంటి మీద దమ్మిడీ పెట్టలేదు. ఉక్కులాంటి ఇల్లు.”

“బస్సు దిగి ఏడాదైందక్కా,” అన్నాడు వెంటొచ్చిన తమ్ముడు. “ఇంకా చిల్లర లెక్కపెడుతూనే ఉన్నావు.”

ఆమె కాగితం మడిచి ఇల్లు చూడబోయింది. ఉక్కేమీ కాదు. కుళాయి మెడకు సైకిలు ట్యూబు ముక్క బిగించి చుట్టి ఉంది. కిటికీ రెక్కకు రేకు డబ్బాలోంచి కోసిన బందు. మెట్టు విరిగినచోట సిమెంటు మెత్తారు. ఆరకముందే అదిమిన నాలుగు వేళ్లు అందులో దిగబడి ఉన్నాయి. తెలియకుండానే తన వేళ్లు అక్కడ పెట్టింది. ఆ గుంటలు తన వేళ్లకు వదులుగా, చల్లగా ఉన్నాయి. చటుక్కున చెయ్యి తీసేసుకుంది.

అక్కణ్ణించి ఏ గోడ చూసినా ఆ చెయ్యే. తనకంటే ఒక గది ముందుగా ఎవరో నడుస్తూ, తను వెళ్లేలోపు అన్నీ సర్ది పక్కకు తప్పుకుంటున్నట్టుంది. ఒకచోట వెనక్కి తిరిగి కూడా చూసింది.

“ఇవన్నీ ఎవరు చేశారు?”

బ్రోకరు గొంతు సవరించుకున్నాడు. “మెట్ల కింద ఒక ప్లంబరు ఉండేవాడు. అద్దె ఇవ్వక్కర్లేదు, బదులుగా ఇల్లు చూసుకునేవాడు. మొన్న వానల్లో ట్యాంకు మీంచి జారాడు.”

“జారితే?”

“పోయాడమ్మా. పెళ్లాం ఉంది. నెలాఖరుకల్లా ఖాళీ చేయిస్తాం. ఆ గది నాలుగు వేలకు కళ్లు మూసుకుని పోతుంది.”

పోయాడన్న మాట చెవిన పడుతుండగానే ఆమె మనసు తీసివేత మొదలుపెట్టింది. పన్నెండేళ్లుగా ఉచితంగా జరిగిన పనికి ఇక కూలి ఇవ్వాలి, నాలుగున్నరలోంచి అది తీసేయాలి. సిగ్గేసింది. లెక్క మాత్రం ఆగలేదు.

పెరట్లో ఏదో ధారగా పడుతున్న చప్పుడు. ముగ్గురూ అటు వెళ్లారు. ట్యాంకు పొంగి గోడ వెంట నీళ్లు కారుతున్నాయి. మెట్ల కింద తలుపు తెరుచుకుని, తన భుజానికి మించిన పనిముట్ల సంచీతో ఒకామె బయటికొచ్చింది.

“కంగారు పడకండమ్మా. ట్యాంకులో నీళ్లు ఆపే తేలే బంతి ఇరుక్కుని ఉంటుంది, నేను చూస్తా. ఆయన చేస్తుంటే నిచ్చెన పట్టుకునేదాన్ని, నాకన్నీ తెలుసు.” ఊపిరి తీసుకుని, కండక్టరమ్మ మొహంలోకి చూసింది. “రంగులు కూడా వేస్తానమ్మా. ఆ ఒక్క గదిలో నన్ను ఉండనివ్వండి.”

బ్రోకరు మొహం వెలిగింది. “ఇదీ బాగానే ఉంది! గది ఆవిడకే వదిలేయండమ్మా. సున్నా సున్నాలాగే ఉంటుంది. నాలుగు వేలు తగ్గినా అయిదొందలు మిగులుతాయి. మీకు పుణ్యానికి పుణ్యం, పనికి పని.”

“చిల్లర లెక్కలు మానమని నేను చెప్పలా!” అంటూ తమ్ముడు అడ్వాన్సు కాగితం, పెన్నూ తీశాడు.

అయిదొందలు. మనసు అప్పుడే ఒప్పేసుకుంది, పైగా దయగల దానిలా మెత్తగా ఒప్పుకుంది. ఆ మెత్తదనానికే ఆమె భయపడింది.

ప్లంబరు భార్య చెప్పులు విడిచి, తడిసిన ఇనప నిచ్చెన మీద ఒక కాలు పెట్టింది. సంచీ బరువుకు ఒక పక్కకు ఒరిగి, కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

“దిగు,” అంది కండక్టరమ్మ.

“చిటికెలో అయిపోతుందమ్మా...”

“దిగమ్మా, దిగు.” మోచెయ్యి పట్టుకుని దింపింది. “తమ్ముడూ, ప్లంబర్ని పిలువు.”

“ఇప్పుడా? డబ్బులెవరిస్తారక్కా? ఇల్లింకా మనది కాలేదు. ముందు సంతకం పెట్టు.”

ఆమె పెన్ను అందుకోలేదు. తను కొనకపోతే సాయంత్రం వచ్చేవాడు కొంటాడు. ఇదే కాగితం, ఇదే నిచ్చెన. వాడు ఈమెను ఎక్కనిస్తాడు.

కండక్టరమ్మ నిచ్చెన అడుగు కమ్మీ మీద, ఎవరూ ఎక్కే వీల్లేకుండా, రెండు చేతులతో ఇనుము పట్టుకుని కూర్చుంది. పైనుంచి పడుతున్న నీళ్లకు వీపంతా తడుస్తోంది.