చల్లగది గొట్టం

ఆ ఫ్యాక్టరీలో మనిషి పడిపోతే లైను ఆగదు. మిషను తుమ్మితే ఆగుతుంది. ఈ నియమం ఏ బోర్డు మీదా రాసి లేదు గానీ అందరికీ కంఠతా వచ్చు.

ఆ ఉదయం పడిపోయింది వదిన.

బట్టీ మూతి దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు నిలబడి పని చేస్తారు. అచ్చు వేసి, పూత పోసి, బొమ్మ ముద్రించిన పచ్చి టైళ్ళు బెల్టు మీద వాళ్ళ ముందుకొస్తాయి. అంచులకంటిన పూత స్పాంజితో తుడవాలి. విరిగినవి ఏరెయ్యాలి. వంకరగా వచ్చినదాన్ని సర్దాలి. అక్కణ్ణించి టైలు వంద మీటర్ల బట్టీలోకి దూరుతుంది. ముద్రించిన ఇంకులో నూనెలాంటి ద్రావకం ఒకటుంటుంది. బట్టీలో అడుగు పెట్టగానే అది కాలి, పొగై, మూతిలోంచి వెనక్కి తన్నుతుంది. ఆ పొగలో ఎనిమిది గంటలు నిలబడి ఇంటికెళ్ళిన మనిషికి అన్నం కూడా అదే వాసన కొడుతుంది.

వదిన ముందు చతికిలబడింది. తర్వాత పక్కకి ఒరిగింది. చేతిలో స్పాంజి అలాగే ఉంది. పెదాలు నల్లబడ్డాయి. పక్కనున్న ఇద్దరూ ఆమెని రెక్కలు పట్టి లేపి, దగ్గర్లో ఉన్న తలుపు వైపు ఈడ్చుకెళ్ళారు. అది చల్లగది తలుపు.

అద్దాల గది అది. లోపల ముద్రణ మిషనుంటుంది. దాని కోసం ఏసీ, దాని కోసం గాలి వడపోత, దాని కోసం పీల్చే ఫ్యాను. దాన్ని నడిపే మనిషికి ఇవన్నీ ఉత్తపుణ్యానికి దక్కుతాయి కాబట్టి ఫ్యాక్టరీ అంతా అతన్ని అల్లుడు అంటారు. అత్తారింట్లో కూచున్నట్టు చల్లగా కూచుంటాడని. వదినకి అతను సొంత మరిది. అతను పదేళ్ళవాడిగా ఉన్నప్పుడు ఆమె అన్నకి భార్యగా ఇంటికొచ్చింది. అన్న పోయినా మరిదిని వదల్లేదు. ఆమె కడిగిన అంట్లు, తుడిచిన అంచులు అతన్ని చదివించాయి.

అల్లుడు తలుపు తీశాడు. వదినని నేల మీద పడుకోబెట్టారు. ఆ చల్లగాలికి ఆమె రొమ్ము ఒక్కసారి ఎగసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు శ్వాసలు అతను లెక్కపెట్టాడు. అయిదోదానికి మేనేజరు వచ్చాడు.

"తలుపెవడు తీశాడు?"

"సార్, ఊపిరాడట్లేదు ఆవిడకి."

"ఆడకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇక్కడ పడుకోబెడతారేంటి? చీరనిండా పూత పొడే. ఒక్క రేణువు హెడ్డులో పడిందంటే ఏమవుతుందో ఈవిడకి తెలీదు, నీకు తెలీదా?"

అల్లుడికి తెలుసు. హెడ్డంటే ఇంకు చిమ్మే తల. అందులో వెంట్రుక కన్నా సన్నటి కన్నాలు వెయ్యి. ఒక్క కన్నం పూడితే చాలు, ప్రతి టైలు మీదా ఈ చివర నుంచి ఆ చివరకి సన్నటి గీత పడుతుంది.

గడప దాటిస్తుంటే వదిన కళ్ళు తెరిచింది. మంచినీళ్ళు అడిగినట్టు మెల్లగా అడిగింది.

"మిషనుకున్నపాటి గాలి మాకు లేదా సార్?"

మేనేజరు ఆమె వైపు చూడలేదు. "తలుపెయ్యి," అన్నాడు అల్లుడితో.

అల్లుడు తలుపు వేశాడు.

అద్దంలోంచి ఆడవాళ్ళు అతన్ని చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

* * *

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఒక కాగితం తెచ్చి మిషను పక్కన పెట్టాడు. ఫలానా కార్మికురాలికి చాలాకాలంగా ఇంటి దగ్గరే ఆయాసం ఉన్నదనీ, ఫ్యాక్టరీకి దానితో సంబంధం లేదనీ అందులో రాసి ఉంది.

"ఇంట్లో మనిషివి. నువ్వు సంతకం పెడితే ఇంకెవరి మాటా అక్కర్లేదు."

"పెడితే కార్మికుల ఆసుపత్రిలో మంచం తీసేస్తారు సార్. పని వల్ల వచ్చిన జబ్బయితేనే అక్కడ ఉంచుకుంటారు. గాలి గొట్టం ముక్కుకి పెట్టి ఉంది ఆవిడకి."

"బయట ఆసుపత్రులు లేవా? చూడు, రేపు పదింటికి డీలర్లొస్తున్నారు. కొత్త పాలరాతి డిజైను వాళ్ళ కళ్ళముందు బట్టీలోంచి రావాలి. ఆ పని కానివ్వు. రేపు సాయంత్రానికి సంతకం నా బల్ల మీదుండాలి. లేదంటే ఈ గదిలో కూచోడానికి బయట వందమంది ఉన్నారు."

మధ్యాహ్నం భోజనాల వేళ అల్లుడు మొదటిసారి చల్లగదిలో తినకుండా డబ్బా పట్టుకుని పగిలిన టైళ్ళ గుట్ట వెనక్కి వెళ్ళాడు. మూడు సెక్షన్ల వాళ్ళూ అక్కడే తింటారు.

"దారి తప్పొచ్చావేంటి అల్లుడూ?" అంది సుద్దక్క. కాలిన టైళ్ళకి తప్పులు పట్టే ఆడవాళ్ళకి ఆవిడ పెద్ద. గుర్తులు పెట్టే మైనపు సుద్ద ఎప్పుడూ చెవి మీద ఉంటుంది. "ఇక్కడ ఎండ. కందిపోతావ్."

"పీట వెయ్యండర్రా," అన్నాడు ఒక లోడింగు మనిషి. "తలుపేసి తలుపేసి చేతులు నొప్పెట్టుంటాయి."

అల్లుడు కూచోలేదు. కాగితం తీసి చదివాడు. అందరూ విన్నారు. తర్వాత, ఎవరూ అడగని సంగతి చెప్పాడు.

"బట్టీ పొగ ముందునించీ ఉంది. కానీ మూతి దగ్గరోళ్ళకి కళ్ళు తిరగడం ఎప్పట్నించి?"

"వానలప్పట్నించి," అంది మూతి దగ్గర పనిచేసే ఒకావిడ. "ఎనిమిది నెలలు."

"ఆరబెట్టి పంపిన వేడి టైలు మీంచి ఆవిరి లేస్తుంది. అది హెడ్డుకి పట్టకుండా కింద ఫ్యాను పీలుస్తుంది. ఆవిరితోపాటు ఇంకు వాసనంతా కూడా. ఆ ఫ్యాను గొట్టం అప్పట్లో పైకప్పు దాటి ఆకాశంలోకి ఉండేది. వానలకి కప్పు దగ్గర కారి, నీళ్ళు గొట్టం వెంట లోపలికొచ్చాయి. నేనే వెళ్ళి మేనేజరుకి చెప్పా. గొట్టం కోసి పక్కగోడలోంచి తిప్పితే చుక్క పడదన్నా. కొలతలు కూడా నేనే ఇచ్చా."

అల్లుడు కాగితం మడిచాడు.

"ఆ గోడకి అవతల మీరు నిలబడతారని తెలుసు. మీ తల మీదకి జానెడు ఎత్తులో తెరుచుకుంటుందనీ తెలుసు. నాకు హెడ్డు గురించి తప్ప ఇంకో ఆలోచన రాలేదు. ఆ నెల మంచి పనివాడని బోర్డు మీద నా ఫొటో పెట్టారు."

సుద్దక్క ముద్ద డబ్బాలో పడేసింది. "అంటే ఎనిమిది నెలల్నించీ మా వాళ్ళు పీలుస్తున్నది నీ ఫొటోనా?"

ఒకడు లేచి అల్లుడి చొక్కా పట్టుకున్నాడు. అల్లుడు విడిపించుకోలేదు. బట్టీ తాత అడ్డొచ్చాడు. బట్టీ మంట చూసుకునే ముసలాయన ఆయన. కనుబొమలు కాలిపోయి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

"వదులు. వాణ్ణి తన్నడం సాయంత్రమైనా కుదురుద్ది. ముందు ఇది చెప్పండి. కప్పుకి కన్నం పడితే రేకు మార్పించాల్సిందెవరు? రేకు మార్చడం మానేసి గొట్టం కోయించిందెవరు? వీడు కొలతిచ్చాడు సరే, రంపం ఎవరిది?"

"కంపెనీది," అన్నారు నలుగురైదుగురు.

"మరి వీడి చొక్కా పట్టుకుంటే మేనేజరుకి పండగే కదరా."

చొక్కా వదిలాడు గానీ కోపం వదల్లేదు. వాదన మొదలైంది. లైను ఆపుదామన్నాడొకడు. పోయినేడు ఆపిన నలుగురూ ఇప్పుడెక్కడున్నారని అడిగిందొకావిడ. అర్జీ ఇద్దామన్నారెవరో. ఇచ్చిన అర్జీలు మేనేజరు బల్ల కాలు కింద ఊగకుండా పెట్టుకున్నాడని ఇంకెవరో చెబితే చేదుగా నవ్వారు.

"నలుగురు ఆపితే నలుగురే పోయారు. అందరం ఒక్కసారి ఆపితే ఎవర్ని తీస్తారు?" అంది సుద్దక్క. "కానీ గేటు బయట ఒక్కడికీ తెలీకపోతే మనల్ని అందర్నీ లోపలే నొక్కేస్తారు."

"తెలిసేలా చెయ్యొచ్చు," అన్నాడు అల్లుడు.

మిషనులో ఎనిమిది ఇంకులుంటాయి. చివరిదాన్ని మ్యాట్ ఇంకు అంటారు. దానికి రంగు లేదు. పచ్చి టైలు మీద పడితే కంటికి ఆనదు, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసినా ఆనదు. బట్టీలో కాలాకే తేలుతుంది. నిగనిగలాడే టైలు మీద అది పడిన చోటల్లా మెరుపు చచ్చి, పొగ పట్టిన అద్దంలా ఉంటుంది. పాలరాతికి అక్కడక్కడ మెరుపు లేని మచ్చలు రావడానికి వాడతారు.

"దాంతో ఏం రాసినా బట్టీలోకి వెళ్ళేదాకా దేవుడికి కూడా తెలీదు. బయటికొచ్చాక ఎవడూ చెరపలేడు. రేపు డీలర్ల ముందు వస్తుంది."

అందరూ డబ్బాలు మూసి దగ్గరికి జరిగారు. తర్వాత ఏం రాయాలన్న దాని మీద కొట్టుకున్నంత పని చేశారు. ఓనరు పుట్టుక గురించి లోడింగు మనిషి ఒక వాక్యం చెప్పాడు. డిమాండ్లన్నీ వరసగా రాయమన్నాడు ఇంకొకడు. "టైలు మీద పట్టొద్దా? నువ్వేమన్నా పురాణం రాయిస్తున్నావా?" అంది సుద్దక్క. చివరికి, వదినని రెక్కలు పట్టి మోసినావిడ అంది.

"ఆవిడ అడిగిందే రాయండి. దానికి జవాబు ఇంకా రాలేదుగా."

దాని మీద ఎవరికీ పేచీ లేకపోయింది.

"నిన్ను పట్టుకుపోతారు," అన్నాడు బట్టీ తాత అల్లుడితో.

"పోతారు."

"నువ్వు గేటు దాటిన క్షణం బట్టీకి మేత ఆపేస్తాం. మంట ఆర్పం. ఆర్పితే లోపల ఇటుక పగులుద్ది, మన బట్టీ అది. ఖాళీగా మండనిస్తాం."

సుద్దక్క అల్లుడి చేతిలోంచి కాగితం లాక్కుని వెనక్కి తిప్పింది. "ఒక్కడి సంతకం ఎందుకడుగుతారో తెలుసా? ఒక్కడైతే విరుగుతాడని. గొట్టం సంగతి మొత్తం ఈ వెనకవైపు రాయి. తిరగా ఇంకో కాగితం మీద కూడా రాయి, డాక్టరుకి. నీ సంతకం కింద మేం పెడతాం."

* * *

పదింటికి డీలర్లు వచ్చారు. ఏడుగురు. ముక్కులకి గుడ్డలు కట్టించి లైను పక్కన నడిపించాడు మేనేజరు. చల్లగది దగ్గర ఆగి, మిషను కిందనుంచి వచ్చిన పచ్చి టైలు ఒకటి తీసి వెలుతురుకి పెట్టాడు. తెల్లటి పాలరాయి, బూడిదరంగు నరాలు. ఇంకేం లేదు.

"కొండలోంచి కోసినట్టు లేదూ?" అన్నాడు మురిసిపోతూ. అల్లుడి భుజం కూడా తట్టాడు.

టైలు బట్టీలోకి వెళ్ళింది. బయటికి రావడానికి నలభై అయిదు నిమిషాలు. డీలర్లు టీ తాగారు. అల్లుడు గాజుగోడ అవతల మూతి దగ్గర దగ్గుతున్న ఆడవాళ్ళని చూస్తూ కూచున్నాడు. వదిన చోటు ఖాళీగా ఉంది. ఆమె పని మిగతా అయిదుగురూ పంచుకుని చేస్తున్నారు.

మొదటి టైలు బట్టీ దాటింది. నీళ్ళలా మెరుస్తోంది. సుద్దక్క దాన్ని ఏటవాలుగా ఎత్తి పట్టుకుంది. మెరుపు మధ్య అరచెయ్యంత అక్షరాలు తేలాయి.

మిషనుకున్నపాటి గాలి మాకు లేదా?

ఒక డీలరు పైకి చదివాడు. రెండో టైలు వచ్చింది. మూడోది వచ్చింది. పదోది వచ్చింది. ఒకటే ప్రశ్న, వరసగా వస్తోంది.

మేనేజరు ముఖం పాలిపోయింది. "సుద్ద పెట్టండి. తీసెయ్యండి అన్నీ. రిజెక్టు."

సుద్దక్క టైలుని తిప్పి చూసింది. నియమం ప్రకారం నాలుగు మూలలూ వేలితో తడిమింది.

"గీత లేదు సార్. బొక్క లేదు. అంచు విరగలేదు. ఫస్టు క్వాలిటీ."

"పిచ్చెక్కిందా నీకు?"

ఆవిడ చెవి మీది సుద్ద తీసి నేల మీద పెట్టింది. పక్కావిడ ఇంకో టైలు ఎత్తింది. "ఫస్టు." ఆ పక్కావిడ, "ఫస్టు." సుద్దలు ఒక్కోటీ కిందకి దిగాయి. గుర్తు లేని టైలంటే బెల్టుకి మంచి టైలే. తీసుకుపోయి అట్టపెట్టెల్లో సర్దేస్తోంది.

మేనేజరు చల్లగది వైపు పరిగెత్తాడు. తలుపు బార్లా తీసి ఉంది. పూత పొడి అంటిన చీరలతోనే అయిదుగురు ఆడవాళ్ళూ లోపల నేల మీద కూచుని ఉన్నారు. అల్లుడి కుర్చీలో అందరికన్నా పెద్దావిడ కూచుని గట్టిగా గాలి పీలుస్తోంది.

"హెడ్లు," అన్నాడు మేనేజరు.

"తుడుచుకుంటాయి సార్," అన్నాడు అల్లుడు. "ఊపిరితిత్తులే తుడుచుకోలేవు. మీరడిగిన సంతకం ఇదిగో."

మేనేజరు కాగితం తిప్పాడు. వెనకవైపు గొట్టం కథ. దాని కింద అల్లుడి సంతకం. ఆ కింద రెండు వందల పదకొండు సంతకాలు, వేలిముద్రలు. ఇంకుప్యాడు దొరక్క బట్టీ మసితో వేసినవి.

గంటలోపు పోలీసులొచ్చారు. కంపెనీ ఆస్తి నాశనం చేశాడన్నారు. అల్లుడి చేతులకి బేడీలు పడ్డాయి. సాక్ష్యం కోసం ఒక టైలు తీసుకున్నాడు కానిస్టేబులు. మేనేజరు వెంటపడి, "అది గీకించి పారెయ్యండి, బయటికి తీసుకెళ్ళకండి," అన్నాడు. కానిస్టేబులు గోటితో గీకి చూశాడు. పోలేదు. పక్కవాడికి చదివి వినిపించాడు కూడా.

జీపు ఎక్కుతుంటే బట్టీ తాత దగ్గరికొచ్చాడు. "డాక్టరు కాగితం చదివాడంట. పని వల్లేనని రాశాడు. మంచం ఉంది."

అల్లుడికి అప్పుడు ఏడుపొచ్చింది. తుడుచుకోడానికి చేతులు కుదరలేదు. ముసలాయనే తువ్వాలుతో తుడిచాడు.

జీపు గేటు దాటింది. వెనక మూడు సెక్షన్ల బెల్టులూ ఒకేసారి ఆగాయి. ఏళ్ళ తరబడి చెవుల్లో ఉన్న మోత పోయేసరికి పోలీసులు కూడా తలలు తిప్పి చూశారు. వంద మీటర్ల బట్టీ ఖాళీ కడుపుతో మండుతోంది.

ఆ నిశ్శబ్దంలో అల్లుడికి ఒక చప్పుడు వినిపించింది. పైకప్పు మీద ఎవరో నడుస్తున్నారు. ఒకరు కాదు, చాలామంది. నిచ్చెన కింద సుద్దక్క నిలబడి రేకులు పైకి అందిస్తోంది. చల్లగది గొట్టాన్ని గోడలోంచి ఊడబెరికి ఆకాశంలోకి నిలబెడుతున్నారు.

జీపు మలుపు తిరిగాక కూడా సుత్తి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి.