మొదటి ట్రాము గులాబి కార్డులు

"నూట ఇరవై కార్డులు ఇచ్చాం. తొమ్మిది తిరిగొచ్చాయి. తక్కిన నూట పదకొండూ ఏమయ్యాయి?"

విచారణ జరుపుతున్న సన్యాల్ బాబు ఆ ప్రశ్న వెయ్యడం అది మూడోసారి. ధర్మతలాలోని రవాణా విచారణ హాల్లో అరవై మంది దాకా కూర్చున్నారు. అందరి చూపూ ఖాకీ చొక్కాలో నిలబడ్డ కండక్టరు యెషయా మీదే ఉంది.

"పంచాను బాబూ. ఒక్కటి మిగల్చకుండా పంచాను," అన్నాడు యెషయా బెంగాలీలో.

"పంచితే డబ్బాలో ఉండాలి కదా?"

సన్యాల్ బాబు గొంతు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుగా ఉంది. కిటికీల అవతల జనవరి మంచు పదకొండైనా విడలేదు. ఎక్కడో ట్రాము గంట మోగింది. ఆ చప్పుడు కూడా దూదిలో చుట్టి పంపినట్టు మెత్తగా వచ్చి చేరింది.

తొంభై నాలుగు జనవరి మూడున, సోమవారం పొద్దున అయిదూ ఇరవైకి ఖిదిర్‌పూర్‌లో బయల్దేరే మొదటి ట్రాములో, రెండో పెట్టె ఎక్కిన ప్రతి మనిషికీ ఒక గులాబి కార్డు ఇమ్మన్నారు. ధర్మతలాలో దిగేటప్పుడు స్టాపులో కట్టిన రేకు డబ్బాలో దాన్ని వెయ్యాలి. డబ్బాలో ఎన్ని కార్డులుంటే బండిలో అంత మంది ఉన్నట్టు. డబ్బాలో తొమ్మిదే ఉన్నాయి కనక బండి ఖాళీగా నడుస్తున్నట్టే.

"ఖాళీ బండి కరెంటు తింటుంది," అన్నాడు ముందు వరసలో ఉన్న ఇంజినీరు. "ఏడింటి లోపు బళ్ళు ఆపేసి వాటినీ, వాటి సిబ్బందినీ పదింటి రద్దీకి మళ్ళిద్దాం. ఆఫీసుల వాళ్ళు తలుపు పట్టుకుని వేలాడక్కర్లేదు."

"అసలు ట్రాములే తీసెయ్యండి," అన్నాడు భవానీపూర్ బట్టల కొట్టాయన. "అది కదలదు, నన్ను కదలనివ్వదు."

"తీసెయ్యడమేమిటండీ?" శాలువా కప్పుకున్న టీచరమ్మ లేచింది. "పది నిమిషాలకొకటి వెయ్యండి. స్టాపులో నిలబడడానికి ఇంత నీడ కట్టండి. ఆ తర్వాత కూడా ఎవరూ ఎక్కకపోతే అప్పుడు మాట్లాడండి."

"శ్రామికుల బండి మీద చెయ్యి వేస్తే ఊరుకోం," అని యూనియన్ మనిషి బల్ల గుద్దాడు.

"శ్రామికులు ఎక్కారని చూపించండి," అన్నాడు సన్యాల్ బాబు తాపీగా. "నాలుగింటికి మళ్ళీ కూర్చుంటాం. అప్పటికి ఋజువు వస్తే సరి. లేకపోతే ఏడింటి లోపు బండి లేదు."

ఆ బండి లేకపోతే ఖిదిర్‌పూర్ రేవు కూలీల ఇళ్ళ వరసల్లో, ఆ లైన్లలో ఉండే తెలుగు ఆడవాళ్ళు మైదాన్ అంతా నడిచి రావాలి. ఆరింటికల్లా ఆఫీసులు తుడవడం మొదలెట్టాలి వాళ్ళు. ఆలస్యమైతే ఆ పనికి వేరే మనిషి సిద్ధంగా ఉంటుంది.

యెషయా బల్ల దగ్గరికి వెళ్ళాడు. "ఆ తొమ్మిదీ ఒకసారి చూడొచ్చా బాబూ?"

చూశాడు. కార్డు మీద ఒక నంబరు, ఓ మూల ట్రాము బొమ్మ, దాని పక్కన ఏం పని చేస్తారో రాయడానికి ఒక గీత. తొమ్మిదింటి మీదా ఆ గీత నింపి ఉంది. చేపలమ్మకం, ప్రెస్సులో పని, వంట. అన్నీ బెంగాలీలో రాశారు.

తిరిగొచ్చిన తొమ్మిదీ బెంగాలీ వాళ్ళవి. ఆ బండిలో తక్కిన అందరూ లైన్లలోని తెలుగు వాళ్ళే, అంటే పోయిన నూట పదకొండూ వాళ్ళవి. దొంగ ఎవరో గానీ, మన లైన్లలోనే ఉన్నాడు.

*

ఖిదిర్‌పూర్ వెళ్ళే ట్రాము మృత్యుంజయ నడుపుతున్నాడు. పద్నాలుగేళ్ళుగా అతను ముందు, యెషయా వెనక. ఇవాళ యెషయా డ్యూటీలో లేడు కనక ముందు పెట్టెలో అతని పక్కనే నిలబడ్డాడు.

"ప్రైవేటు బస్సుల వాళ్ళ పనే," అన్నాడు మృత్యుంజయ. "డబ్బా ఊడ్చేశారు."

"ఊడ్చేవాడు తొమ్మిది ఎందుకు వదుల్తాడు దాదా?"

"అయితే నువ్వే తిన్నావు. గులాబి రంగు కదా, సందేశ్ మిఠాయి అనుకుని ఉంటావు."

యెషయాకి నవ్వు రాలేదు. ట్రాము మైదాన్‌లోకి దిగింది. పట్టాలకి ఇరుపక్కలా పచ్చిక, దాని మీద పాలమీగడలా మంచు. మంచులోంచి ఒక గుర్రం తల తేలి వచ్చి, తిరిగి మునిగిపోయింది. గొర్రెల మంద ఎటో పోతోంది, కాళ్ళు లేకుండా. సూర్యుడు ఎవరో మరిచిపోయిన ఇత్తడి పళ్ళెంలా వేలాడుతున్నాడు. బండి నడుస్తున్నట్టు లేదు. బండి ఆగి ఉండి, కింద నేలే మెల్లగా వెనక్కి జారుతున్నట్టుంది. ఆ మంచులో నూట పదకొండు గులాబి కార్డులు ఆకుల్లా తేలుతూ కనిపించాయి అతనికి. చెయ్యి చాస్తే ఒక్కటీ అందడం లేదు.

"దిగు," అన్నాడు మృత్యుంజయ. "మూడింటికి ఇక్కడే ఉంటాను. ఆ తర్వాత నన్ను ఆపలేవు."

పన్నెండున్నరైంది.

*

పనికి వెళ్ళిన ఆడవాళ్ళందరూ అప్పటికే తిరిగొచ్చేశారు. కాసులమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. శ్రీకాకుళం పక్క నుంచి పెళ్ళై వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆమె మాట మాత్రం ఒక్క స్టేషను కూడా దాటి రాలేదు.

"ఏటి యెషయన్నా, పట్టపగలు ఇలగొచ్చీసినావు? ఉజ్జోగం పీకీసినారేటి?"

"పీకేసేటట్టే ఉన్నారమ్మా. ఆ రోజు మన బండిలో గులాబి కార్డులిచ్చాను, గుర్తుందా? నీది ఎవరికిచ్చావు? ఎవరైనా వచ్చి అడిగి పట్టికెళ్ళారా?"

కాసులమ్మ అతన్ని వింతగా చూసింది. "ఎవులడుగుతారు? ఎవులడిగితే మాత్రం నానెందుకిస్తాను?" చేతులు కడుక్కుని లోపలికి రమ్మంది. గోడ మీద పైడితల్లి అమ్మవారి పటం. పటం చట్రంలో కింద, పసుపు బొట్టు పెట్టి ఉంది గులాబి కార్డు.

యెషయా పటం దగ్గరికి వెళ్ళి కార్డుని తేరిపార చూశాడు.

"ఈ ఏటిదే గదా," అంది ఆమె. "ఒకటో తారీకున మీ చర్చికి రాలేపోనాను, ఒళ్ళు బాగోలేక. మూడో తారీకున బండిలోనే ఇచ్చినావు కదా అని ఎంత సంబరపడ్డానో."

పక్కింటికి పరిగెత్తాడు. అక్కడ తబితమ్మ బైబిల్లో ఉంది కార్డు. ఆ పక్కింట్లో బియ్యం డబ్బాలో. ఇంకో ఇంట్లో ఉయ్యాల తాడుకి కట్టి ఉంది. ఎవరూ దొంగిలించలేదు. ఎవరూ పారెయ్యలేదు. నూట పదకొండూ ఇళ్ళల్లో భద్రంగా నిద్రపోతున్నాయి.

ఏటేటా జనవరి ఒకటిన తెలుగు చర్చి గుమ్మంలో సంఘపెద్దగా యెషయా స్టీలు పళ్ళెం పట్టుకుని నిలబడతాడు. పళ్ళెంలో బైబిలు మాట రాసిన వాగ్దానం కార్డులుంటాయి. ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని కళ్ళకద్దుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అది. దాన్ని తిరిగి ఎవరికీ ఇవ్వరు. చర్చి వాళ్ళే కాదు, అమ్మవారికి మొక్కే వాళ్ళు కూడా వచ్చి తీసుకుంటారు. మాటకి మతమేమిటంటారు లైన్లలో.

రెండు రోజులు తిరక్కుండానే అదే మనిషి ట్రాము గుమ్మంలో నిలబడ్డాడు. సంచీలో చోటు లేక కార్డులు టిఫిన్ మూతలో పోసుకున్నాడు. అదే చెయ్యి, అదే మెరిసే పళ్ళెం.

కానీ డబ్బాలో వెయ్యమని చెప్పాలి కదా? ఎందుకు చెప్పలేదు? అతని తలలో ఆ పొద్దుటి మంచు మళ్ళీ కమ్మింది. అందులో ఒక గొంతు వినిపించింది.

*

లైను చివరి గదిలో ఉంటుంది అప్పలకొండమ్మ. డెబ్బై దాటినా చీపురు వదల్లేదు. భర్త రేవు పనిలో పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. గుమ్మంలో యెషయాని చూడగానే బోసినోటితో నవ్వింది.

"రా నాయినా. కూకో."

అతను కూర్చోలేదు. "మామ్మా, ఆ రోజు బండిలో అందరికంటే ముందు ఎక్కింది నువ్వు. కార్డు తీసుకుని, దీంట్లో ఏముందని అడిగావు."

"అడిగినాను. నిన్ను ఒంటరిగా ఒదలను అని ఉందన్నావు."

"అలా లేదు మామ్మా." అతను తల దించుకున్నాడు. "ఆ పొద్దున చలికి నీ చెయ్యి వణుకుతోంది. ఏదో ఒకటి అంటే నవ్వుతావని అనేశాను. అది ట్రాము వాళ్ళ కార్డు. బండిలో ఎంత మంది ఉన్నారో లెక్కపెట్టే కార్డు. నీ వెనకున్న వాళ్ళు ఆ మాట విన్నారు. తలా ఒకటి కళ్ళకద్దుకున్నారు. కార్డు చదవగలిగిన తొమ్మిది మందే డబ్బాలో వేశారు, మీకు తిరిగిచ్చెయ్యండి అని నా నోట రాలేదు. ఒక్క రోజు లెక్కే కదా, ఏం పోతుందనుకున్నాను."

ముసలామె రొంటినున్న చిన్న మూట విప్పింది. నాలుగు మడతల్లో గులాబి కార్డు.

"నాకు తెల్దనుకున్నావేటి? సదివినప్పుడు తలకిందులుగా పట్టుకున్నావు నాయినా. అచ్చరాలు నాకు రావు గానీ ట్రాము బొమ్మ తెల్దా? సెక్రాలు ఆకాశంలో ఉన్నాయి."

"మరి ఎందుకు దాచుకున్నావు?"

"సెప్పినోడివి నువ్వు గదా. రోజూ ఆ బండి గుమ్మంలో సెయ్యందించి ఎక్కించేది నువ్వే గదా." కార్డు అతని చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళు. బండి ఉంటే సాలు నాకు."

*

మూడింటికి ట్రాము స్టాపు గులాబి రంగుగా ఉంది. యెషయా సంగతంతా చెప్పాక ఆడవాళ్ళు కార్డులు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డారు. కొన్నింటికి పసుపు, కొన్నింటికి నూనె మరక, ఒకదానికి పిల్లాడి పంటి గాటు. మృత్యుంజయ గంట కొట్టడం మర్చిపోయి చూశాడు.

"అరే యెషయా, నూట పదకొండు మంది దొంగల్ని పట్టుకొచ్చావా?"

"అందరూ అమాయకులే దాదా. దొంగ వేరే ఉన్నాడు."

దారిలో సగం మైదాన్ మీద ఎండ విరిసింది. రెండో పెట్టెలో ఎవరో పాట ఎత్తుకున్నారు. యెషయా గుమ్మంలో నిలబడ్డాడు. బండి ఈసారి నిజంగానే నడుస్తోంది. ప్రతి కుదుపూ తెలుస్తోంది.

నాలుగింటికి హాల్లో చోటు చాలలేదు. కార్డులన్నీ బల్ల మీద కుప్ప పోశారు. సన్యాల్ బాబు నంబర్లు సరిచూసి కళ్ళద్దాలు తీశాడు. "ఒక్కటీ తప్పలేదు. నూట పదకొండూ ఉన్నాయి."

"ఇంకా ఇనండి బాబూ," కాసులమ్మ ముందుకొచ్చింది. ఆమె తెలుగుని యెషయా బెంగాలీలోకి మారుస్తూ పోయాడు. "బండి ఆపడం కాదు, పది నిమిషాలు ముందెయ్యండి. మెట్టు జానెడు కిందకి దించండి, ముసిలోళ్ళు ఎక్కలేపోతన్నారు. ఆ ఇంజినీరు బాబుని ఓ పాలి అయిదింటికి రమ్మనండి. కూకోడానికి సోటుండదు గానీ, నిలబడనిస్తాం."

హాలంతా నవ్వింది. ఇంజినీరు కూడా తల దించుకుని నవ్వాడు.

సన్యాల్ బాబు మాత్రం నవ్వలేదు. "మొదటి బండి ఉండాలనే నాకూ అనిపిస్తోంది. కానీ ఈ కార్డులు పద్దెనిమిది రోజులు డబ్బా బయట ఉన్నాయి. ఎవరి వల్ల ఉన్నాయో రాయకపోతే వీటిని లెక్కలోకి తీసుకోలేను. ఆ పేరు మీద చర్య తప్పదు. చెప్పండి, ఎవరు?"

యెషయా చెవి దగ్గర మృత్యుంజయ గొణిగాడు. "తెలియదను. రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుంది నీకు."

"నా పేరు రాసుకోమను యెషయన్నా," అంది కాసులమ్మ మెల్లగా. "నన్నేటి సేస్తారు? సీపురు లాక్కుంటారా?"

యెషయా వెనక్కి తిరిగి చూశాడు. గోడ పక్కన బెంచీ మీద అప్పలకొండమ్మ కూర్చుని ఉంది. రొంటిన మూట లేదు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, బండి కోసం స్టాపులో కనిపెట్టుకున్నట్టు అతన్నే చూస్తోంది.

అతను బల్ల దగ్గరికి నడిచాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రాసుకోండి బాబూ. ఖిదిర్‌పూర్ మొదటి ట్రాము, రెండో పెట్టె కండక్టరు. పేరు యెషయా."