కట్ట నడిమి బీడీలు

కోరుట్ల బీడీ కార్ఖానాలో బీడీలు సరిచూసే చెకర్ దేవయ్య ఆ రోజు సర్వర్ బీ చుట్టి తెచ్చిన కట్టలను నేలమీదికి విసిరికొట్టాడు. ఏళ్లుగా విసురుతూనే ఉన్నాడు. ఆ రోజు మాత్రం ఆమె వంగి ఏరుకోలేదు. వెళ్లి గేటుకు అడ్డంగా కూర్చుంది. పక్కన మల్లవ్వ కూర్చుంది. మధ్యాహ్నానికి బీడీలు చేసే ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు.

వారం దాటినా ఎవరూ బీడీలు చుట్టే తునికాకు ముట్టలేదు. చివరికి సేటు దిగివచ్చాడు. దేవయ్యను తీసేసి, కొత్త చెకర్‌ను వాళ్లనే ఎన్నుకోమన్నాడు.

"మా ఊర్మిల కూసుంటది," అంది సర్వర్ బీ. "డిగ్రీ సదివింది. మనతోనే బీడీలు జేస్తది."

"ఇగ మన రాజ్యమే," అంది మల్లవ్వ. "దేవయ్యను రమ్మనుండ్రి, ఆకు కత్తిరించుడు నేర్పుత."

ఊర్మిల కాలేజీలో రాజనీతిశాస్త్రం చదివింది. రాజులను దించినవాళ్లు ఆ తర్వాత ఏం చేస్తారో పరీక్షలో పేజీలు నింపింది. అదంతా దూరదేశాల సంగతి అనుకుంది. కుర్చీలో కూర్చున్న మొదటి నెల ఒక్క కట్టనూ బాగాలేదని పక్కన పెట్టలేదు.

అప్పుడు సేటు పిలిచాడు. "సరుకు వాపసొస్తుందమ్మా. గిట్లయితే పని మేడిపల్లికి ఇస్త. ఎవలియి వదులుగుంటున్నయో సూడు. వాళ్లకు ఆకు ఇచ్చుడు ఆపెయ్, పని బంద్."

మర్నాడు సర్వర్ బీ చాటలో కట్టలు తెచ్చింది. వయసుతో ఆమె వేళ్లు వంకరపోయాయి. కట్ట అంచున బీడీలు గట్టిగానే ఉన్నాయి. ఊర్మిల వేలు నడుమకు దిగింది. అక్కడివి మెత్తగా నలిగాయి. వదులువి నడుమ దాచడం ఆడవాళ్లందరికీ తెలిసిన ఉపాయమే. ఊర్మిలా అలాగే దాచేది.

"ఇవి నడవయి చాచీ. రేపటి సంది నీకు ఆకు..." అంది ఊర్మిల.

సర్వర్ బీ కోప్పడలేదు. "దేవయ్య కట్టలు ఇసిరిండు గని, గీడ ఏలు పెట్టలే బిడ్డా. ఆనికి తెల్వది."

"తెలిసినదాన్ని మనమే కూసోవెట్టుకున్నం గద," అంది వెనకనుంచి మల్లవ్వ.

ఎవరో నవ్వారు. ఊర్మిల తల వంచుకుంది. ఆ కట్టను మంచివాటిలో వేయవచ్చు. వేస్తే అందరివీ వేయాలి, అప్పుడు పని మేడిపల్లికి పోతుంది. ఇది సేటు మాటో తన మాటో ఆమెకే తెలియలేదు. కట్టను పక్కన పెట్టింది.

సర్వర్ బీ ఖాళీ చాట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

వరుసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే కింద కూర్చున్నారు. కట్టలు విప్పి, నడుమ దాచిన వదులువి తామే ఏరి కొంగుల్లో దాచుకోసాగారు. మల్లవ్వ కూడా విప్పింది. ఊర్మిల అటు చూడలేకపోయింది.