తారుమారైన రెండక్షరాలు

అయినా ఈ పని ఆదివారం పెట్టుకుందామని నేను మొదటే అన్నాను, అన్నాను కానీ గట్టిగా అనలేదు, గట్టిగా అనడం నాకు చేతకాదని మా ఆయన మొన్ననే అన్నారు, నువ్వు ఎదుటివాళ్ళకి వినపడేలా కాదు, నీకు వినపడేలా అంటావు అని, అది గుర్తొచ్చి ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి, మంగళవారం ఉదయం, ఆసుపత్రి కిటకిటలాడే వేళ, మూడో అంతస్తులో ఈ ఇరుకు గదిలో ఒక్కదాన్నే నల్లటి తెర ముందు కూర్చుని ఇంత పెద్ద ఆసుపత్రికి వచ్చే మెయిళ్ళ దారి మొత్తం మార్చేశాను, మార్చడమంటే పెద్ద యజ్ఞమేమీ కాదు, ఎమ్మెక్స్ రికార్డని ఒక వరుస ఉంటుంది, మా పేరుకి వచ్చే మెయిల్‌ని ఏ సర్వరు గుమ్మంలో దించాలో లోకానికి చెప్పే వరుస, పాత సర్వరు పేరు తీసెయ్యడానికి ఒక కమాండ్, కొత్తది చేర్చడానికి ఇంకొకటి, అంతే, తొమ్మిది నలభై నాలుగుకి రెండూ కొట్టేశాను, తెర ఏమీ అనలేదు, తెర ఏమీ అనకపోతే అంతా సవ్యంగా ఉన్నట్టేనని పెద్దాయన చెప్పేవాడు, పాత సర్వరుని పన్నెండేళ్ళు సాకిన మనిషి, నెల క్రితం రిటైరై వెళ్ళిపోయాడు, ఆయన కుర్చీ ఇంకా ఆ మూలే ఉంది, దాని మీద నా గొడుగు, నా సంచీ, నాకే ఒక మెయిల్ పంపుకుని చూసుకున్నాను, టక్కున వచ్చింది, హమ్మయ్య అనుకుని ఫ్లాస్కు మూత తిప్పుతుంటే ఫోన్, కింద కిడ్నీ విభాగంలో డాక్టర్లకీ ల్యాబులకీ మధ్య తిరిగే కోఆర్డినేటర్ అమ్మాయి, అక్కా, ల్యాబ్ నుంచి ఒక రిపోర్టు రావాలి, మెయిల్ ఏమన్నా ఆగిందా, లేదమ్మా, అంతా బాగానే ఉంది, వాళ్ళే ఆలస్యం చేస్తున్నారేమో, సరే అక్కా, ఫోన్ పెట్టేసింది, అప్పుడు పది దాటి మూడు నిమిషాలు, చల్లారిన కాఫీ నోట్లో పోసుకున్నాక గానీ నాకు అనిపించలేదు, నేను చూడకుండానే చెప్పాను కదా అని.

చూస్తే పోలా అనుకున్నాను, రికార్డు చూపించమనే కమాండ్ కొట్టాను, వచ్చింది, ముందు పది అనే అంకె, పక్కన సర్వరు పేరు, చదివాను, బాగానే ఉంది, మళ్ళీ చదివాను, బాగానే ఉంది, మూడోసారి ఒక్కో అక్షరం మీదా గోరు ఆనించి చదివితే, ఎమ్, ఐ, ఏ, గోరు అక్కడే ఆగిపోయింది, ఎమ్ తర్వాత ఏ ఉండాలి, ఐ ఉంది, మెయిల్ అనే ముక్కలో రెండక్షరాలు తారుమారయ్యాయి, ఆ పేరుతో ఈ భూమ్మీద సర్వరే లేదు, లేని ఇంటి గుమ్మం చూపించి అందరినీ అటు పొమ్మన్నాను, మరి నా మెయిల్ నాకెలా వచ్చింది, వస్తుంది ఎందుకు రాదు, ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోవడానికి వీధి చిరునామా అక్కర్లేదు, బయటినుంచి పంపి చూడాలన్న ఇంగితం లేకపోయింది, తెర మూల గడియారం పది తొమ్మిది, చేతులు వాటంతట అవే కదిలాయి, సరైన పేరు చేర్చాను, తప్పుడు పేరు తీసేశాను, ఈసారి ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, పది గంటల పదో నిమిషానికల్లా సరిచేశాను, ఐదు నిమిషాలాగితే అందరికీ సరైన చిరునామా తెలుస్తుంది, ఎందుకంటే నిన్న సాయంత్రమే గడువు ఐదు నిమిషాలకి తగ్గించి పెట్టాను, గడువంటే ఈ చిరునామాని ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో బయటి యంత్రాలకి మనం చెప్పే మాట, తప్పు జరిగినా తొందరగా మరిచిపోతారని, అంత ముందుచూపు నాకుందని నిన్న ఎంత మురిసిపోయాను, ఆ గడువు ఎక్కడుందా అని అదే వరుసలో వెతికితే మూడు వేల ఆరువందలని ఉంది, సెకన్లు, అంటే గంట, నా ఐదు నిమిషాలు ఏమయ్యాయి, కళ్ళు నులుముకున్నాను, మూడు వేల ఆరువందలే.

పెద్దాయనకి ఫోన్ చేశాను, వెనక నీళ్ళ చప్పుడు, మొక్కలకి పడుతున్నాడు కాబోలు, ఏంటి అమ్మాయ్ పొద్దున్నే, ఏం లేదండీ చిన్న సందేహం, గడువు ఐదు నిమిషాలు పెడితే గంటగా మారుతుందా, నీళ్ళ చప్పుడు ఆగింది, పాతదాన్ని ముందు తీసేశావా, కొత్తది తర్వాత చేర్చావా, అవునండీ, ఒక పేరు కింద రాసిన వరుసలన్నీ ఒక గుంపు, ఉన్న ఒక్కదాన్నీ తీసేస్తే ఆ గుంపు మొత్తం చెరిగిపోతుంది అమ్మాయ్, నువ్వు పెట్టిన గడువుతో సహా, తర్వాత నువ్వు చేర్చింది కొత్త గుంపు, దానికి మామూలుగా వచ్చేది గంట, ముందు చేర్చి తర్వాత తీసెయ్యాలి, మరి మధ్యలో తప్పు పేరు అడిగి తెలుసుకున్నవాళ్ళు, అన్నాను, గంటదాకా అదే పట్టుకుని వేలాడతారు, వాళ్ళ జ్ఞాపకంలోకి మనం చెయ్యి పెట్టలేం, ఏం, ముఖ్యమైనవేమన్నా రావాల్సి ఉన్నాయా, అబ్బే, మామూలువేనండీ, ఆ మాట ఎంత తేలిగ్గా జారిందో, నా గొంతు నాకే నున్నగా వినిపించింది, ఆయన మళ్ళీ నీళ్ళు తిప్పుకున్నాడు, నేను ఫోన్ పెట్టేసి పై ఆఫీసరుకి చెప్పాల్సిన వాక్యం రాయడం మొదలుపెట్టాను, నేను సర్వరు పేరు తప్పు రాశాను అని రాసి చెరిపేశాను, సర్వరు పేరు తప్పు పడింది అని రాశాను, అదీ చెరిపేశాను, మార్పు సమయంలో కొన్ని బయటి సర్వర్లలో జాప్యం ఏర్పడింది, ఇది బాగుంది, ఇందులో మనిషే లేదు, జాప్యం దానంతటదే ఏర్పడింది, వాన కురిసినట్టు, ఏర్పడిందా, ఏర్పడి ఉండవచ్చా, ఉండవచ్చు అంటే ఇంకా మెత్తగా ఉంటుంది, పదకొండుంబావు కాగానే అన్నీ సర్దుకుంటాయి, అప్పుడు అసలు చెప్పాల్సిన అవసరమే రాదేమో, మా అబ్బాయి లెక్కల పేపరు మంచం కింద దాచినప్పుడు ఎంత కేకలేశాను, మార్కులు తగ్గినందుకు కాదురా, దాచినందుకు అని, వాడు గోడవైపు తిరిగి నిలబడితే చొక్కా వెనక చెమటతో అంటుకుపోయింది, ఇప్పుడు నా వీపూ అలాగే ఉంది, ఏసీ గాలి తగిలి చల్లగా, ఉండవచ్చు తీసేసి మళ్ళీ ఏర్పడింది పెట్టాను.

ఫోన్ మోగింది, పది ఇరవై, మళ్ళీ ఆ అమ్మాయే, ఊపిరి పీల్చుకోకుండా మాట్లాడుతోంది, అక్కా ఇంకోసారి అడుగుతున్నా ఏమీ అనుకోకండి, మీరు చూసి చెప్పారు కదాని డాక్టర్ గారికి ల్యాబుదే ఆలస్యమని చెప్పేశాను, దాత కిడ్నీ ఒకటి దొరికింది, రక్తం సరిపోలిందో లేదో తెలియకుండా డాక్టర్ గారు దాన్ని తీసుకోనంటున్నారు, పదీ నలభై ఐదులోపు అవునో కాదో చెప్పకపోతే వరుసలో తర్వాతవాళ్ళకి ఇచ్చేస్తారు, పాపం టైలరమ్మ నిన్న రాత్రి నుంచి ఏమీ తినకుండా కూర్చుంది, ఇది మూడోసారి అక్కా, రెండుసార్లు ఇలాగే పిలిచి వెనక్కి పంపారు, ఉండండి ఇంకో లైను వస్తోంది, పెట్టేసింది, నేను నోరు తెరిచే ఉన్నాను, టైలరమ్మ, నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు రక్తం కడిగించుకోవడానికి వచ్చే ఆవిడ, గొట్టాలు లేని చేత్తో దారపు ఉండలు సర్దుకుంటూ నర్సులందరి అంగీలకీ గుండీలు కుట్టిపెట్టే మనిషి, పోయినేడు నేను కోటు చెయ్యి తలుపు గడియకి చింపుకుని వెళ్తుంటే ఇలా ఇవ్వు తల్లీ అని కొంగు పట్టి ఆపినట్టు ఆపేసింది, కుట్టు కనపడకుండా కుడతాను చూడు, అంది, నిజంగానే కనపడదు, నేను తిరిగి ఫోన్ చేశాను, ఎంగేజ్, మళ్ళీ చేశాను, ఎంగేజ్, మెయిల్ పెడదామని వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి, ఈ అమ్మాయి మెయిలు పెట్టె తెరిచి నా ఉత్తరం చదివేసరికి ఎంతవుతుంది, కుర్చీ వెనక్కి నెట్టేశాను, అది గోడకి కొట్టుకుంది.

లిఫ్టు ఐదో అంతస్తులో ఉంది, దానికోసం నేను ఆగలేదు, మెట్లు, రెయిలింగు జిడ్డుగా తగులుతోంది, ఏమని చెప్పాలి, చిన్న ఇబ్బంది వచ్చిందమ్మా అనాలా, సాంకేతిక సమస్య అనాలా, సాంకేతిక సమస్య అంటే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు, రెండో అంతస్తు, స్ట్రెచర్ అడ్డం, పక్కకి ఒదిగాను, నీళ్ళు నమలకుండా ఒక్క మాట, ఒక్కటే మాట చెప్పాలి, ఏది, ఒకటో అంతస్తు, గది తలుపు తెరిచే ఉంది, ఆ అమ్మాయి చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని కాగితాలు తిరగేస్తోంది, బల్ల అవతల కిడ్నీ డాక్టర్ గారు నిలబడి గోడ గడియారం చూస్తున్నారు, పది ఇరవై రెండు, నా గొంతు ఎవరిదోలా వచ్చింది, ల్యాబుది తప్పు కాదు, నేను సర్వరు పేరు తప్పు కొట్టాను, వాళ్ళు పంపే ఉంటారు, అది మనకి చేరదు, ఇంకోసారి పంపినా చేరదు, పదకొండుంబావు దాకా చేరదు, వాళ్ళకి ఫోన్ చేసి ఫ్యాక్స్ పంపమనండి, డాక్టర్ గారు నావైపు చూశారు, కోపం లేదు ఆ చూపులో, కోప్పడే తీరిక లేదు, ఫ్యాక్స్ నంబరు ఎవరి దగ్గరుంది, అన్నారంతే, అమ్మాయి అప్పటికే ఆ ఫోన్ పెట్టేసి ల్యాబుకి కలుపుతోంది, ఆఁ, తొమ్మిది యాభై రెండుకే పంపారా, తిరిగొచ్చిందా, తిరిగొచ్చినవి చూసేవాళ్ళుండరా ఆ పెట్టెలో, సరే సరే, ఫ్యాక్స్ చెయ్యండి, నంబరు రాసుకోండి, మూలనున్న పాత ఫ్యాక్స్ యంత్రం మీద ఎవరో బిస్కట్ల డబ్బా పెట్టారు, నేను తీసి పట్టుకున్నాను, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నాను, పది ముప్పై నాలుగుకి అది కిచకిచమంది, కాగితం మెల్లగా, కావాలనే అంత మెల్లగా వస్తున్నట్టు, డాక్టర్ గారు పూర్తిగా రాకముందే వంగి చదివారు, సరిపోలింది, తీసుకుంటున్నామని చెప్పు, ఆవిణ్ణి పైకి పంపండి.

చక్రాల కుర్చీలో టైలరమ్మని లిఫ్టు దగ్గరికి తెచ్చినప్పుడు నేనింకా ఆ డబ్బాతోనే నిలబడి ఉన్నాను, నువ్వు కూడా వచ్చావా తల్లీ నాకోసం, అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, అరచెయ్యి సూది పోట్లతో గరుగ్గా, వేడిగా ఉంది, వెళ్ళి రండి, అన్నాను, తలుపులు మూసుకున్నాయి, కోఆర్డినేటర్ అమ్మాయి నా భుజం మీద చెయ్యేసి, మీరు పరిగెత్తుకొచ్చి చెప్పారు కాబట్టి సరిపోయింది అక్కా, ఇంకొకరైతే దాచేసేవాళ్ళు, అంది, ఆ మాట చెంప మీద కొట్టినా బాగుండేది, మెట్లెక్కి పైకొచ్చాను, తెర మీద ఆ వాక్యం అలాగే ఉంది, జాప్యం ఏర్పడింది, మొత్తం చెరిపేశాను, జరిగిన పొరపాటు రాసే ఫారం తెరిచాను, తప్పు ఎప్పుడు తెలిసింది, పది తొమ్మిది, ఎప్పుడు తెలియజేశారు, పది ఇరవై రెండు, మధ్యలో పదమూడు నిమిషాలు, నేను కొట్టిన ప్రతి కమాండూ సెకన్లతో సహా ఎక్కడో నమోదై ఉంటుంది కానీ ఈ పదమూడు నిమిషాలు ఎక్కడా నమోదు కావు, నేను రాస్తేనే ఉంటాయి, రాశాను, కారణం అన్న గడిలో కర్సరు కొట్టుకుంటోంది, భయం అని రాయబోయాను, భయమే అయితే టైలరమ్మ పేరు వినగానే ఎలా పోయింది, పోలేదు, భయం మెట్ల మీద కూడా ఉంది, మరి నన్ను కుర్చీలోంచి లేపింది ఆవిడ పేరు, ఆవిడ మొహం, నా కోటు చెయ్యి, ఆ అమ్మాయి వరుసలో నాలుగో నంబరు పేషెంటు అని ఉంటే, ముక్కూ మొహం తెలియని ఒక మనిషి అని ఉంటే, నేను ఆ ఏర్పడింది, ఉండవచ్చు అంటూ పదకొండుంబావు దాకా కూర్చునేదాన్ని, కూర్చునేదాన్నే, ఇందులో అనుమానం ఏమీ లేదు, గడియారం పది యాభై ఒకటి, అలా అనుకోగానే ఇంకోటి తట్టింది, ఆ ఇరవై ఆరు నిమిషాల్లో మనకి రాసింది ఒక్క ల్యాబేనా, గుండె పరీక్షలవాళ్ళు, బ్లడ్ బ్యాంకు, బయటి ఊళ్ళ క్లినిక్కులు, ఎవరి రిపోర్టో, ఎవరి తేదీయో, ఎవరి మందు మార్పో, నాకెవరూ తెలియదు, నాకు తెలిసే అవకాశం కూడా లేదు, వాళ్ళలో ఎవరూ నా కోటు కుట్టలేదు, కారణం గడి అలాగే వదిలేసి, మనకి రోజూ రాసే చోట్ల జాబితా ప్రింటు తీసుకున్నాను, నలభై మూడు నంబర్లు, మొదటిదానికి ఫోన్ కలిపాను, అవతల ఎవరో మగగొంతు, చెప్పండి, నమస్కారమండీ, ఆసుపత్రి మెయిల్ విభాగం నుంచి మాట్లాడుతున్నాను, పొద్దున తొమ్మిది నలభై నాలుగు నుంచి పది పది వరకు నేను ఒక తప్పు చేశాను, ఆ వేళలో మీరు మాకేమైనా పంపారా, పంపి ఉంటే అది మాకు చేరలేదు, ఆ తర్వాత పంపినవి కూడా పదకొండుంబావు దాకా చేరాయని నమ్మకండి, ఎవరి గురించి పంపారో నాకు చెప్పండి, నేను రాసుకుంటాను.