చుక్కానికి నూట నలభై

ఫొప్పెకు కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. ఆ జూన్ నెలంతా ఎర్రగానే ఉన్నాయి. ఊరి తెరచాప పడవకు చుక్కాని పట్టేది అతనే. అంతకుముందు వాళ్ల నాన్న, ఆయనకు ముందు తాత. జూలై ఆఖర్న, నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న ఫ్రీస్లాండ్ చెరువుల మీద ఊరికీ ఊరికీ పందేలు. డాక్టరు మొహమాటం లేకుండా తేల్చేశాడు: ఇంట్లో కొలిచిన బీపీ పై అంకె నూట నలభై లోపు దిగాలి, లేదా చుక్కాని వదలాలి.

పొద్దునా సాయంత్రం వంటింటి బల్ల దగ్గర అదే తతంగం. పాదాలు నేలకానించి, వీపు కుర్చీకి ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేతి పట్టీ ఉబ్బుతుంటే నోరు మెదపకూడదు. ఊరుకోవడం ఫొప్పె వంశంలో లేదు.

"గాలి పడమటికి తిరిగినట్టు..."

"నోరు ముయ్యవయ్యా! మళ్లీ మొదట్నుంచి," అంది బౌకె. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పిన ఇల్లాలు.

నూట అరవై రెండు.

ఉప్పు మానేశాడు. సాయంత్రపు జిన్ను చుక్క మానేశాడు. నెలల తరబడి మాగబెట్టిన జున్ను, అదే చీజ్, కూడా మానేశాడు. అక్కడ పుట్టినవాడికి అదెంత నరకమో నేను చెప్పక్కర్లేదు. మూడు వారాలకి నూట అరవై ఎనిమిది.

"గడ్డి తింటున్నా పెరుగుతుందేమిటే?"

"చాటుగా ఏం మేస్తున్నావో ఎవడికి తెలుసు?"

"నీ మీదొట్టు, ఏమీ లేదు!"

మిషనే చెడిపోయిందని దాన్ని చంకన పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాడు. వెనకే బౌకె. నర్సు మార్లీస్ కొలిచి చూసింది. మిషన్ నిక్షేపంలా ఉంది.

"తాతా, ఆ బుగ్గలో ఏమిటి?"

"ఇదా? అతిమధురం బిళ్ల. మన దగ్గర దొరికే ఉప్పుది కాదమ్మా, తియ్యటిది!" గర్వంగా చెప్పాడు. "జున్ను మానిన దగ్గర్నుంచి ఇదే ఆధారం. రోజుకో పొట్లం."

మార్లీస్ నవ్వాపుకోలేకపోయింది. "ఉప్పుదైనా తీపిదైనా, బీపీని ఎక్కించేది ఆ అతిమధురమే! ఇవాళే మానెయ్. దిగడానికి వారాలు పడుతుంది."

"ఇదీ మానేస్తే ఇంక బతికి లాభమేంటి?"

"చుక్కాని," అంది బౌకె.

బిళ్ల ఉమ్మేశాడు.

అంకె దిగేదాకా సాధనకి చుక్కాని కూతురు యెత్స్కె పట్టింది. పదిహేనేళ్లుగా ముందు తెరచాప తాడు లాగుతూ నాన్న తిట్లు తిన్న పిల్ల. ఫొప్పె గట్టు మీద నిలబడి చూడలేక వెనక్కి తిరిగేవాడు.

పందేనికి ముందురోజు పొద్దున నూట ముప్పై నాలుగు. రెండోసారీ అంతే. బౌకె అంకెలు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని, దాదాపు పరుగెత్తుతూ గట్టుకు వెళ్లాడు.

యెత్స్కె పడవను ఇరుకు కాలవలో ఎదురుగాలికి తిప్పుతోంది. తెరచాప ఒక్కసారి కూడా తడబడలేదు. ఆ మలుపులో ఏటా ఫొప్పె చేతిలో పడవ ఒడ్డుకు గీసుకునేది. ఫొప్పె గుండె కలుక్కుమంది, వెంటనే పొంగిపోయింది.

ఆమె పడవను గట్టుకు చేర్చి చుక్కాని వదిలి లేచింది. "నాన్నా, ఎంతొచ్చింది?"

జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"నూట యాభై దిగలేదే తల్లీ," అన్నాడు ఫొప్పె. "కూర్చో. నువ్వే పట్టు."