ఏడుగురు అప్పలకొండమ్మలు

ఏరా కామేషూ, కంప్యూటర్ కోర్సు చదువుతున్నావు గదా, నీ పేరు తెలుగులో తప్పు లేకుండా రాయగలవా? నవ్వకు. నేను చెప్పేది పేరు సంగతే.

2009లో కలకత్తా సాల్ట్ లేక్‌లో ఓ పదంతస్తుల ఆఫీసు. ఊడ్చేది మన శ్రీకాకుళం ఆడవాళ్లు, చెత్తబండి లాగేది నేను. వాళ్లలో ఏడుగురు అప్పలకొండమ్మలు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మనలో ఉందా?

ఓ సోమవారం గేటు దగ్గర కార్డు పెడితే ఒక్కతెకే తలుపు తెరుచుకుంది. ఆరుగురికి ఎర్రదీపం.

మేనేజరు వచ్చాడు. అతని ముక్కుగొంతు నాకు అచ్చంగా వచ్చులే, విను: "పేరొకటే, పుట్టినరోజొకటే. ఆరూ దొంగకార్డులు. మెషిన్‌కి పక్షపాతం ఉండదు!"

పెద్ద అప్పలకొండమ్మ ముందుకొచ్చింది. "పుట్టిన్రోజు తెల్దంటే అందరికీ జనవరి ఒకటి రాసింది నీ గుమాస్తాయే గదా! ఇంటిపేర్లు ఒగ్గీసిందీ ఆడే! మీ ఆఫీసులో నలుగురు సుబీర్ దాసులున్నారు. ఆళ్లనెందుకు తియ్యనేదు?"

"వాళ్లకి సర్టిఫికెట్లున్నాయి."

సాయంత్రం బస్తీ కొళాయి దగ్గర మీటింగు. యూనియన్ లీడరు దాదా వచ్చి, "ప్రభుత్వం మనదే, అర్జీ పెట్టండి" అన్నాడు.

"అర్జీ మీద ఏ పేరెయ్యాల దాదా? మెషిన్లో నాను నేనే నేను గదా!" అని ఒకతె అరిచింది. మన యాసలో 'లేను' అన్నా 'నేను' అనే గదరా.

గేటు తెరుచుకున్న అప్పలకొండమ్మ తన కార్డు నేలకేసి కొట్టింది. "ఆళ్లు నేకపోతే నానూ నేను."

మర్నాటి నుంచి ఒక్క చీపురు కదల్లేదు. మూడు రోజుల్లో పాయఖానాలు పొంగాయి. ఆఫీసు బాబులు ముక్కులకు రుమాళ్లు కట్టుకున్నారు. మా కడుపులు చల్లబడ్డాయి, అబద్ధమెందుకు?

నాలుగో రోజు పోలీసు వ్యాను వచ్చింది. "గొడవ చేస్తున్న అప్పలకొండమ్మ ఎవరు?"

"నానే!" "నానే!" ఏడుగురూ వ్యానెక్కారు.

ఠాణాలో దారోగా, అంటే ఎస్సై, ఇంటిపేరు, మొగుడి పేరు, ఊరు అడిగి విడివిడిగా రాసుకున్నాడు. సాయంత్రం జామీను కాగితాలిచ్చాడు. ఏడుగురికి ఏడు, సర్కారు ముద్రతో.

మర్నాడు వందమందిమి ఆ కాగితాలు పట్టుకుని గేటు ముందు నిలబడ్డాం.

"సదువు," అంది పెద్ద అప్పలకొండమ్మ. "మైకులో సదువు. ఇంటిపేరుతో సహా."

మేనేజరుకు నోరు తిరగలేదు.

"తప్పు! మళ్లీ!" వందమందిమీ అరిచాం.

ఏడు పేర్లూ సరిగ్గా పలికేదాకా వదల్లేదు. చొక్కా తడిసిపోయింది, జాలి పడలేదు. అప్పుడు వెలిగాయిరా ఆరు పచ్చదీపాలు!

తర్వాత అతను నా బండి పక్కన నిలబడి గొణిగాడు. "నేను పోలీసులకు ఫోనే చెయ్యలేదు కూర్మయ్యా. ఎవరు చేసుంటారు?"

ముక్కుగొంతు నాకు అచ్చంగా వచ్చని చెప్పానా లేదా? నేను ఫోను చేస్తుంటే ఏడుగురు అప్పలకొండమ్మలూ పక్కనే కూర్చుని, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాపుకున్నారు.