ఒకటో నంబరు శూన్యం

జర్మన్ శిల్పి ప్రొఫెసర్ హాబర్‌కార్న్‌కు పేరంతా రంధ్రాల వల్లే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన ఒక రాతి మధ్యలో గుండ్రటి రంధ్రం చూపించి ‘ఒకటో నంబరు శూన్యం’ అన్నాడు. పత్రికలవాళ్లు పూనకం వచ్చినట్టు రాశారు. ఆ తర్వాత బ్యాంకు ముందొకటి, ఆసుపత్రి ముందొకటి, ఈతకొలను ముందొకటి... రైన్ నది పొడుగునా ఆయన రంధ్రం లేని ఊరు లేకుండా పోయింది. శిల్పకళ అకాడమీలో ఆయన చెప్పే పాఠం కూడా ఒక్కటే, "రాయి అబద్ధం చెప్పదు!" అని.

1961లో ఆయన అరవయ్యో పుట్టినరోజు ప్రదర్శనకు ఆ మొదటి రాయిని కడిగే పని ఆయన విద్యార్థిని రోస్విటా నెత్తిన పడింది. ఆమె సమాధి రాళ్లు చెక్కేవాడి కూతురు. ప్రొఫెసర్ పట్టా మీద సంతకం పెడితే శిల్పి అవుతుంది. పెట్టకపోతే తిరిగి నాన్న కొట్టంలో చచ్చినవాళ్ల పేర్లు చెక్కుకోవడమే.

మసి వదిలేసరికి రంధ్రం లోపలి అంచున నాలుగు మొండి ముక్కలు బయటపడ్డాయి. చుట్టూ ఓక్ ఆకుల దండను చెరిపేసిన గీతలు. చెక్కిన ఉలికీ చెరిపిన ఉలికీ తేడా ఆమెకు చిన్నప్పుడే తెలుసు. 1945 వేసవంతా వాళ్ల నాన్న సమాధుల మీద నాజీ గుర్తులు చెరిపే పనే చేశాడు. ఇది చిన్నప్పుడు ఆమె చూసినదే, పన్నుల ఆఫీసు గుమ్మం మీద నాజీల గద్ద కాళ్లతో పట్టుకున్న దండ. మధ్యలోని కొక్కేల శిలువను, అంటే నాజీల స్వస్తిక గుర్తును, కొట్టేస్తే మిగిలిందే శూన్యం. ఆ నాలుగు ముక్కలూ దాని కొసలే.

"ప్రొఫెసర్ గారూ, ఈ గద్దను చెక్కిందెవరండీ?"

ఆయన సిగార్ ఆర్పాడు. "నేనే. కొట్టేసిందీ నేనే. రెండుసార్లూ ఊరే అడిగింది. ఆ నాలుగు ముక్కలూ ఆకురాయితో అరగదీసెయ్ అమ్మాయ్. నీ పట్టా సంగతి తర్వాత చూద్దాం."

రోస్విటా అరగదీయలేదు. పైగా కుంచె పెట్టి ఇంకా శుభ్రం చేసింది. ఒక్కరు అడిగితే చాలు, అందరి ముందూ చెప్పేస్తానని గుండె చిక్కబట్టుకుని ప్రదర్శన రోజు ఆ రాయి పక్కనే నిలబడింది.

స్విట్జర్లాండు నుంచి వచ్చిన కళావిమర్శకుడు డాక్టర్ ట్రెప్టో ఒక ముక్క మీద వేలు పెట్టాడు. "ఆహా! నాలుగు దిక్కులూ కలిసి శూన్యాన్ని మోస్తున్నాయి!"

"దిక్కులే, దిక్కులే!" అన్నాడు మేయరు చప్పున. పన్నుల ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసిన ముసలాయన ఒకసారి రాయికేసి, ఒకసారి తన బూట్లకేసి చూసుకుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నలభై దాటినవాళ్ల చేతులన్నీ ఆ చప్పట్లలో కలిశాయి. ఆ హాల్లో రాయిని గుర్తుపట్టని పెద్దమనిషి స్విట్జర్లాండు డాక్టరొక్కడేనని రోస్విటాకు అప్పుడర్థమైంది.

ప్రొఫెసర్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "చూశావా, రాయి నిజమే చెప్పింది. అడిగినవాడేడీ?" ఆ వెంటనే గొంతు పెంచాడు. "ఈ ఏడు పట్టా మా రోస్విటాకే!"

హాలంతా ఆమె వైపు తిరిగింది. పొద్దుటి నుంచీ సిద్ధం చేసుకున్న మాట నాలుక చివరే ఉంది. ఆమె నోరు తెరిచింది.

"చాలా సంతోషమండీ, ప్రొఫెసర్ గారూ" అంది.